సరిచేస్తే చెడిపోయిన సెలవుల లిస్టు

ప్రోగ్రాములో తప్పు దొరికిందా? దయచేసి ముట్టుకోకండి! అది కంపెనీ ఆస్తి.

నమ్మరా? అయితే పెంచల్‌ను అడగండి. అన్నమయ్య జిల్లా నుంచి అరబ్బు దేశానికి వచ్చి, అక్కడి అల్ రాయ్‌లో కార్ల స్పేర్‌పార్టుల గోడౌన్‌లో పెట్టెలు మోస్తాడు. ఫోన్లో వీడియోలు చూసి పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకున్న పాపానికి, రెండేళ్లు నిండి సెలవు రావలసినవాళ్ల లిస్టు తీసే పనిని మేనేజర్ బుల్లిరాజుగారు అతని నెత్తిన పెట్టారు.

పెంచల్ ఎగిరి గంతేశాడు. అతనికి మూడేళ్లు నిండాయి మరి! తను వచ్చాక పుట్టిన కూతురు నాయనను ఫోన్లోనే చూసింది. ఫోన్ ఛార్జింగులో పెడితే నాయనకు అన్నం పెడుతున్నారనుకుంటుందట.

ప్రోగ్రాము చిన్నదే. లూపులో లూపు, అంటే తిరుగుడులో తిరుగుడు. బయటి లూపు పేర్ల ఫైల్లోంచి ఒక్కో పేరు తీస్తుంది. లోపలి లూపు ఆ పేరు కోసం, ఉద్యోగంలో చేరిన తేదీల ఫైలంతా వెతికి, రెండేళ్లు నిండి ఉంటే పేరు చూపిస్తుంది. పద్నాలుగు పేర్లు ఇస్తే ఒక్కటే బయటికొచ్చింది. నాగేంద్రబాబు! బుల్లిరాజుగారి మేనల్లుడు, కాబట్టే పేర్ల ఫైల్లో మొదటివాడు.

ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. "ఇదయ్యా ప్రోగ్రామంటే!" అని బుల్లిరాజుగారు సంతకం పెట్టేశారు. మేనల్లుడు విమానమెక్కేశాడు.

పెంచల్ వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే అసలు సంగతి తేలింది. మొదటి పేరుకే తేదీల ఫైలును చివరిదాకా చదివేసిన కంప్యూటర్, రెండో పేరుకు మళ్లీ మొదటికి రాకుండా అక్కడే నిలబడిపోతోంది. ఇక మిగతావాళ్లకు ఏం దొరుకుతుంది? ఒక్క లైను రాసి దాన్ని మొదటికి తెచ్చాడు. విమానమెక్కిన మేనల్లుడి పేరు తీసేసి నడిపితే, తొమ్మిది పేర్లు టకటకా వచ్చాయి. అందులో తనదీ ఉంది!

"సార్, మొన్నటి దాంట్లో తప్పుండె. ఇప్పుడు సరిజేసినా. తొమ్మిది మందికి సెలవు రావల్ల."

"తొమ్మిది మందేంటయ్యా! మొన్న సుబ్బరంగా ఒక్క పేరొచ్చింది కదా? బాగున్నదాన్ని పాడుచేసేశావు. ఆ పాతదే పట్రా, యల్లా, త్వరగా!"

ఆయన తప్పేముంది చెప్పండి! తొమ్మిది పేర్లు చదవాలంటే కళ్లజోడు వెతకాలి. ఒక్క పేరైతే ఎంత హాయి!

పెంచల్ సరిచేసినదాన్ని తన దగ్గర దాచుకుని, ఆఫీసు ప్రోగ్రాములో ఆ లైను తీసేశాడు. ఆ శుక్రవారం బ్నీద్ అల్ గార్‌లో వాళ్లుండే రూములో తొమ్మిది మందీ కూర్చుని చీట్లు వేశారు. ఎవరి చీటీ ముందొస్తే ఫైల్లో వాళ్ల పేరు ముందు. మొదటిది చిన్నపుల్లయ్యకొచ్చింది. బుల్లిరాజుగారు ఒక్క పేరును చూసి మురిసిపోయి, అదెవరిదో చదవకుండానే సంతకం పెట్టారు. అప్పటినుంచి నెలనెలా ఫైల్లో మొదటి పేరు మారుతోంది, నెలకొకరు ఊరికి పోతున్నారు. తప్పుకు జై!

పెంచల్‌ది ఎనిమిదో చీటీ. సరైన ప్రోగ్రాము అతని దగ్గరే ఉంది, దానిమీద సంతకం పెట్టేవాళ్లే లేరు. అందాకా ఊళ్లో ఆ చిన్నది నాయనకు వేళకు అన్నం పెట్టిస్తూ ఉండాలి.