చేప వేపుడు రాసిచ్చిన డాక్టరు

సోమవారం పొద్దున్న ఆరుంపావుకి నక్షల మాస్టారు అద్దం ముందు నిలబడి ఒక వాక్యం వల్లె వేసుకున్నారు. "ఇవాళ గుడ్లు వద్దయ్యా, చేప వేపుడు పెట్టు." వినడానికి అదేమంత కష్టమైన మాట కాదు. ముప్ఫైమూడేళ్ళు సర్వే ఆఫీసులో నక్షలు గీసిన మనిషాయన. ఎంత పెద్ద ఆసామీ వచ్చి ఎదురుగా నిలబడ్డా సరిహద్దు గీతని వెంట్రుకవాసి జరిపేవారు కాదు. అలాంటి మనిషికి ఈ ఒక్క మాట అనడానికి పన్నెండు రోజులుగా నోరు పెగలడం లేదు.

రేవుకి వెళ్ళే వీధి మలుపులో ఉన్న ఆ టిఫిను హోటలు తెల్లవారకముందే తెరుస్తారు. పడవలు దిగినవాళ్ళు, లారీలవాళ్ళు, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు, ఇంట్లో తోచనివాళ్ళు, అందరూ అక్కడే చేరతారు. కిటికీ పక్కనున్న రెండో బల్ల మాస్టారిది. ఆయన కూర్చోవడం, పెద్ద సర్వరు పళ్ళెం దించడం ఒకేసారి జరుగుతాయి. రెండు ఉడకబెట్టిన గుడ్లు, రెండు రొట్టె ముక్కలు, ఒక కప్పు టీ. పదకొండేళ్ళ కిందట, భార్య పోయిన కొత్తల్లో, ఆయన మొదటిసారి అక్కడికి వచ్చి కూర్చున్నారు. "ఏం తీసుకుంటారు?" అని సర్వరు అడిగితే ఏమీ తోచలేదు. ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదు. పళ్ళెం వచ్చేది, అంతే. సర్వరు ఆయన ముఖంలోకి కాసేపు చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళి ఈ పళ్ళెం తెచ్చాడు. ఆ మర్నాడు అడగనే లేదు.

చిక్కంతా కాంపౌండరు వల్ల వచ్చింది. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఆయన రెండు వారాల కిందట ఎదురు బల్ల దగ్గర కూర్చుని చేప వేపుడు తిన్నారు. అంచులు కరకరలాడుతున్నాయి. పైన నిమ్మచెక్క. ఆ వాసన మాస్టారి చొక్కాకి పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. అప్పటినుంచి గుడ్డు నోట్లో ఉన్నా ధ్యాస ఎదురు బల్ల మీదే. కానీ చెప్పడం ఎలా? సర్వరు నొచ్చుకుని, రేపటి నుంచి అందరినీ అడిగినట్టే "ఏం కావాలి సార్?" అని అడిగితే? ఏం కావాలని అడక్కుండా ఆయనకి పెట్టే చోటు ఆ ఊళ్ళో అదొక్కటే మిగిలింది. చేప కోసం దాన్ని పోగొట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు. చేపని వదులుకోవడమూ ఇష్టం లేదు.

ఆ సోమవారం మాస్టారు కూర్చున్నారు, పళ్ళెం దిగింది.

"ఇవాళ గుడ్లు చూడండి మాస్టారూ, ఎంత ముచ్చటగా ఉన్నాయో" అంటూ సర్వరు నవ్వాడు.

ఆ నవ్వు చూసేసరికి వల్లె వేసిన వాక్యం నడిమికి విరిగి, మొదటి సగమే బయటికి వచ్చింది.

"ఇవాళ గుడ్లు వద్దయ్యా."

సర్వరు నవ్వు ఆరిపోయింది. "ఏం, సరిగ్గా ఉడకలేదా?"

"అబ్బే, అదేం కాదు. డాక్టరు వద్దన్నాడు."

మాస్టారు డాక్టరు గడప తొక్కి మూడేళ్ళయింది.

"ఏమైందట?"

"ఏముంది, వయసు. కొంచెం గుండె..."

ఆ మాట సర్వరు కంటే ముందే వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు నిమిషాల్లో ఎవరో ఫ్యాను మాస్టారి వైపు తిప్పారు. టీ కూడా మంచిది కాదని కప్పు తీసేసి గోరువెచ్చటి నీళ్ళు పెట్టారు. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవరు నవ్వుతున్నవాడల్లా నవ్వడం మానేశాడు. మాస్టారు రెండు రొట్టె ముక్కలు నీళ్ళతో మింగి ఇంటికి పోయారు.

మంగళవారం ఆయన వెళ్ళేసరికి బల్ల మీద ఉప్పులేని జావ సిద్ధంగా ఉంది. ఎదురుగా కాంపౌండరు సిద్ధంగా ఉన్నారు. అడక్కుండానే మాస్టారి మణికట్టు పట్టుకుని గడియారం చూశారు.

"నాడి పరుగెడుతోందండీ. మందుల చీటీ ఏదీ?"

"ఇంట్లో ఉంది" అన్నారు మాస్టారు. నాడి ఇంకాస్త పరుగెత్తింది.

మూడు చెంచాల జావ లోపలికి వెళ్ళింది. అప్పుడే వంటింట్లో చేప నూనెలో పడిన చప్పుడు వినిపించింది. మనిషన్నవాడు ఎంతకని ఓర్చుకుంటాడు?

"అన్నట్టు, ఆ డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడయ్యా. చేప తినమన్నాడు."

సర్వరు ముఖం విప్పారింది. "ఆ మాట నిన్ననే చెప్పరేం? ఉప్పూ కారం లేకుండా మెత్తగా ఉడికించి తెస్తా."

"ఉడికించింది కాదు. వేపింది."

చుట్టుపక్కల చెంచాలన్నీ ఆగిపోయాయి.

"గుండెకి వేపిన చేపా?" అన్నారు కాంపౌండరు. "నలభై ఏళ్ళు ఆసుపత్రిలో ఉన్నాను, నాకు అలాంటి డాక్టరు ఒక్కడూ తగల్లేదు. నేనేమో మా ఆవిడకి తెలీకుండా దొంగచాటుగా తింటున్నాను ఇక్కడ. ఆయన ఎక్కడుంటాడో చెప్పండి మాస్టారూ. చీటీ రాయించుకుని ఇంట్లోనే దర్జాగా తింటాను."

"షుగరు కూడా చూస్తాడా ఆయన?" అన్నాడు లారీ డ్రైవరు, కుర్చీ ఇటు జరుపుకుంటూ. "మిఠాయి రాసిస్తాడేమో."

ఇంకో ముగ్గురు లేచి దగ్గరికి వచ్చారు. అడ్రసు, అడ్రసు అని చుట్టూ మూగారు. మాస్టారికి ఏం చెయ్యాలో తోచక చెయ్యి దానంతటది పెన్ను తీసింది. కాగితం రుమాలు మీద రేవు వీధి, రెండో సందు, మెట్ల పక్కన నీళ్ళ పంపు, మేడ మీద గది. అబద్ధం చెప్పడం వరకూ ఆయనకి చేతనయింది కానీ తప్పు నక్ష గీయడం చేతకాలేదు. ఉత్తరం ఎటో బాణం గుర్తు కూడా వేసి ఇచ్చారు. లారీ డ్రైవరు దాన్ని జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

"మరి నా చేప?" అన్నారు మాస్టారు మెల్లగా.

"ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. అమ్మాయిగారికి ఫోను చేశాను, వస్తున్నారు" అన్నాడు సర్వరు. "మీ మాట మీద నమ్మకం లేక కాదు. మీ గుండె మీద లేదు."

కూతురు బళ్ళో లెక్కల టీచరు. ఇంట్లో చెప్పే పొద్దుటి ట్యూషను మధ్యలో వదిలేసి స్కూటరు మీద వచ్చింది. వేళ్ళకి సుద్ద అలాగే ఉంది. చంకలో మాస్టారి పాత పరీక్షల కాగితాల కట్ట.

"ఏ డాక్టరు నాన్నా? ఎప్పుడు వెళ్ళావు? నాకు ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా?"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? చెమట్లు పడుతున్నాయి, చూసుకో."

అంతలో లారీ డ్రైవరు తిరిగి వచ్చాడు. "ఆ మేడ మీద డాక్టరు లేడు మాస్టారూ, దర్జీ ఉన్నాడు. గుండెకి చూస్తావా అని అడిగితే టేపు తీసి ఛాతీ కొలవబోయాడు. కానీ మీ నక్షకి మాత్రం దణ్ణం పెట్టాలి. నీళ్ళ పంపుతో సహా మీరు పెట్టిన చోటే ఉంది."

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన మాత్రం కూతురి చేతినే చూస్తున్నారు. ఆ చెయ్యి కట్టలోని కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తూ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వస్తోంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా ఆ చెయ్యి అలాగే తిరగేసేది.

"డాక్టరు లేడమ్మా" అన్నారు. "గుండెకేమీ లేదు. నాకు వేపిన చేప తినాలనిపించింది."

కూతురు కాగితాల కట్ట బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడింది. ప్రాణం కుదుటపడగానే కోపం వచ్చింది.

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పడానికి ఏమొచ్చింది నాన్నా? ఊరంతా పరిగెత్తించాలా? వద్దనుకున్నది వద్దని చెప్పాలి. అందులో మొహమాటం ఏమిటి?"

"సర్వరు నొచ్చుకుంటాడనీ..."

పెద్ద సర్వరు ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. డ్యూటీలో ఉండగా అతను కూర్చోవడం అక్కడెవరూ చూడలేదు.

"మాస్టారూ, ఆ గోడ మీది బోర్డు ఒకసారి చదవండి."

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. పదకొండేళ్ళలో ఆయనకి ఆ బోర్డుతో పని పడలేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. అందులో గుడ్డు లేదు.

"గుడ్లు తీసేసి తొమ్మిదేళ్ళయింది" అన్నాడు సర్వరు.

"మరి నేను తినేవి?"

"మా ఇంటివి. బజారు గుడ్ల మీద నమ్మకం లేదని మా ఆవిడ మీకోసం రెండు కోళ్ళని పెంచుతోంది. తెల్లారి ఐదింటికి ఉడకబెట్టి గుడ్డలో చుట్టి ఇస్తుంది. ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెస్తాను. వానాకాలంలో బస్సు కుదుపులకి ఒకటి చితికిపోతే ఆ రోజు మీకు ఒక్కటే పెట్టాను, గుర్తుందా?"

"వంటవాడు మరిచిపోయాడన్నావు కదయ్యా."

"మీరు పోనీలే పాపం అన్నారు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు."

"లేవని ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మొదటిరోజు మీ ముఖం చూశాను కదా. లేవంటే ఇంకేం కావాలని మిమ్మల్ని అడగాలి. అదొక్కటి నా వల్ల కాలేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్ళీ తుడుచుకున్నారు. సర్వరు లేచి వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం తెచ్చి దించాడు. కరకరలాడే అంచులు, నిమ్మచెక్క, పక్కన రెండు రొట్టె ముక్కలు. రేపు కూడా ఇదేనా అని అడగలేదు. మాస్టారికి సగం కడుపు అక్కడే నిండింది. మిగతా సగం చేప చూసుకుంది.

"ఇంతకీ ఆ కోళ్ళనేం చేస్తావు బాబాయ్?" అంది కూతురు, వెళ్ళబోతూ.

"అదే ఆలోచిస్తున్నా తల్లీ. వాటికి ఈ గొడవేం తెలుసు, రేపు కూడా పెడతాయి." సర్వరు ఆమెని ఎగాదిగా చూశాడు. "పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి ఎలా చిక్కిపోయావో. ఇకనుంచి ఆ రెండూ ఉడకబెట్టించి మీ ఇంటికి తెస్తాను. కాదనకూడదు."

ఆమె ఏదో అనబోయింది. అతని ముఖం చూసింది. "అలాగే బాబాయ్" అంది.

మూడు నెలలుగా రోజూ పొద్దున్నే రెండు వేడి గుడ్లు ఆమె గుమ్మంలోకి వస్తున్నాయి. గుడ్డు వాసన ఆమెకి చిన్నప్పటి నుంచీ పడదు.