కాజిమిర్ డుడెక్ రాసిచ్చిన అంచనా

ప్రజల అభిప్రాయం తెలుసుకోవడానికి ఎన్నికలు జరుపుకునే అమాయకపు ఊళ్లు లోకంలో ఇంకా కొన్ని ఉన్నాయట. షికాగోలో మా వార్డు ఆ దశ దాటి చాలా కాలమైంది. మా దగ్గర ఎన్నికలు జరిగేది కెప్టెన్ల లెక్క సరిచూడటానికి.

నాలుగు వీధులకు ఒక కెప్టెన్ ఉంటాడు. పోలింగుకు ముందు గురువారం అతను మన ఓట్లు ఇన్ని, వాళ్లవి ఇన్ని అని కాగితం మీద రాసి వార్డు పెద్ద గిల్‌హూలీ గారికి ఇవ్వాలి. ఓట్లు పది తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాలి. పది పెరిగితే ఇంకా పెద్ద సంజాయిషీ చెప్పుకోవాలి. (చెప్పాపెట్టకుండా అభిమానించడం మా వార్డులో క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుంది.) కెప్టెనుకు జీతం లేదు. బదులుగా నగరపాలనలో ఒక ఉద్యోగం ఉంటుంది. లెక్క తప్పితే అది ఉండదు.

మా కెప్టెన్ కాజిమిర్ డుడెక్. నా సెలూను పక్కిల్లే. పదహారేళ్లుగా అతని అంచనా ఒక్క ఓటు కూడా తప్పలేదు. నగరపాలనలో అతను చేసే పని మంచు తోసే బండి నడపడం.

1979 జనవరిలో నడుము లోతు మంచు పడింది. ఇలాంటి రోజుల కోసమే నగరం డుడెక్ లాంటి వాళ్లను మేపుతోంది. అయితే ఫిబ్రవరి ఆఖర్లో మేయరు పదవికి పార్టీలోపలి పోటీ ఉంది, మా వార్డు పెద్దది ఉన్న మేయరు పక్షం. (అసలు ఎన్నిక అదే, ఏప్రిల్లో జరిగేది లాంఛనం.) గిల్‌హూలీ గారు పరిస్థితిని సమీక్షించి ఒక ఉత్తర్వు ఇచ్చారు. మంచు తియ్యలేదని జనం మండిపడుతున్నారు, కాబట్టి డ్రైవర్లందరూ బళ్లు ఆపేసి ఇంటింటికీ వెళ్లి వాళ్లకు నచ్చజెప్పాలి.

డుడెక్ మొదట మిసెస్ పిరెక్ తలుపు కొట్టాడు. ఆవిడకు డెబ్బై ఒక్కేళ్లు. ఇంటి ముందు కారు పట్టేంత చోటు తనే రెండు రోజులు పారతో తవ్వుకుని, అందులో వంటింటి కుర్చీ పెట్టుకుంది. తవ్వినచోట కుర్చీ పెడితే ఆ చోటు మంచు కరిగేదాకా వాళ్లదే. మా వీధిలో దొంగలు కూడా ఆ కుర్చీ జోలికి పోరు.

"కాజిమిర్, నువ్వు నడిపేది ఏం బండి నాయనా?"

"మంచు తోసేదేనమ్మా."

"ఎక్కడుంది అది?"

"షెడ్డులో."

"నువ్వెక్కడున్నావ్?"

"మీ గుమ్మంలో."

"రెండు వారాలైంది నేను చర్చి మొహం చూసి. సిగ్గు లేదట్రా నీకు? లోపలికి రా, బూట్లు దులుపుకో, వేడిగా కాఫీ తాగు. ఓటు మాత్రం అడక్కు."

అలా మూడు వందల ఒక్క మంది ఓటర్ల ఇళ్లలో కాఫీ తాగి, గురువారం నాటికి డుడెక్ నా సెలూనులో కూర్చుని మనవి 287, వాళ్లవి 14 అని రాశాడు.

కాగితం తీసుకోవడానికి గిల్‌హూలీ గారు స్వయంగా విచ్చేశారు. కారు ఆపడానికి వీధంతా వెతికితే ఖాళీగా కనిపించింది ఒకటే చోటు. ఆయన డ్రైవరు దిగి, మిసెస్ పిరెక్ కుర్చీ ఎత్తి మంచు గుట్ట మీద పడేసి, కారు అక్కడ పెట్టాడు. వీధిలో ప్రతి కిటికీ తెరా కదిలింది.

డుడెక్ కిటికీ అద్దంలోంచి అంతా చూశాడు. రాసిన కాగితం చింపేసి ఇంకోటి రాశాడు. మనవి 61, వాళ్లవి 240.

"ఏంట్రా ఇది?" అన్నారు గిల్‌హూలీ గారు.

"అంచనా సార్."

"మిగతా నలభై మంది కెప్టెన్లూ గెలుస్తామని రాశారు. నీకొక్కడికే ఏమొచ్చింది?"

"వాళ్ల వీధుల్లో మీరు కారు ఆపలేదు సార్."

"మార్చు."

"పదహారేళ్ల నుంచి తప్పులేకుండా రాస్తున్నాను సార్. ఇప్పుడు అబద్ధం రాయమంటే చెయ్యి రావడం లేదు."

నాకు అతని మీద జాలి, గర్వం రెండూ కలిగాయి. అతనికి ఇంట్లో నలుగురు పిల్లలు. గిల్‌హూలీ గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

పోలింగు నా సెలూనులోనే జరిగింది. మిసెస్ పిరెక్ అందరికంటే ముందు వచ్చింది. సాయంత్రం లెక్క తేలింది. 61, 240. ఊరంతా అదే గాలి వీచి మేయరు ఓడిపోయాడు. మర్నాడు మధ్యాహ్న భోజనం వేళకల్లా గిల్‌హూలీ గారు గెలిచినవాళ్లకు పూలగుత్తి పంపి, మొదటి నుంచీ తన మనసు అటే ఉందని ప్రకటించారు.

తరువాత విచారణ జరిగింది. తలా నూట యాభై ఓట్లకు పైగా తప్పిన నలభై మంది కెప్టెన్లదీ "ఊహించలేని పరిస్థితి" అని తేల్చి ఉద్యోగాలు నిలబెట్టారు. డుడెక్ ఊహించాడు గనక అతనికి ఆ వెసులుబాటు వర్తించలేదు. వారానికి ఉత్తరం వచ్చింది. భారీ మంచు కాలంలో ఆరు వారాలు విధులకు హాజరు కానందున ఉద్యోగం నుంచి తొలగిస్తున్నారని, ఈ గైర్హాజరును వార్డు పెద్ద గారు స్వయంగా ధ్రువీకరించారని అందులో ఉంది.

"ఇంటింటికీ తిప్పింది ఆయనే కదరా!" అన్నాడు డుడెక్, ఉత్తరం నా చేతిలో పెట్టి.

"అందుకే అంత కచ్చితంగా ధ్రువీకరించాడు" అన్నాను. ఇద్దరం నవ్వలేదు.

మార్చిలో కొత్త కెప్టెన్ వచ్చి డుడెక్ తలుపు కొట్టాడు. పక్క వీధుల్లో నూట తొంభై ఓట్లు తప్పినవాడే. ఏప్రిల్లో కొత్త అభ్యర్థికి ఓటెయ్యమన్నాడు.

"ఆలోచించుకుని చెబుతానయ్యా" అన్నాడు డుడెక్.

"మీకా శ్రమ ఎందుకన్నా" అన్నాడు కెప్టెన్ మర్యాదగా. "మీ ఓటు మన లెక్కలో ఎప్పుడో రాసి ఇచ్చేశాను."