జుయ్‌కారాసుర సంహారం అను బోగుమిల్ తీగ విజయం

వానలు వెలిసి, స్ట్రాబెర్రీ బుట్టలు వీధి మొగలకు దిగివచ్చిన జూన్ మాసపు పదిహేనవ నాడు, అపరాహ్ణవేళ, పోలండు దేశమందలి వూచ్ మహానగరాన, ట్రాం పట్టాలు కీచుమంటూ మలుపు తిరిగే చోట, అయిదంతస్తుల కాంక్రీటు దుర్గంలో నాలుగవ అంతస్తున జరిగిన మహాసంగ్రామాన్ని చెబుతున్నాను. అందులో రక్తం చిందలేదు. టీ మాత్రం ఒలికింది.

ఆ అంతస్తుకు అధిపతి బోగుమిల్. ముప్పై ఒక్క సంవత్సరాలు ట్రాం నడిపి విశ్రమించిన ధీరుడు, స్పీకరుద్వయ సంరక్షకుడు, ల్యాప్‌టాప్ గర్భం నుంచి శుద్ధసంగీత గంగను తన ముందుగదిలోకి దింపదలచిన అపర భగీరథుడు. అతని శత్రువు జుయ్‌కారాసురుడు. పాట మొదలయ్యే ముందు, పాట ముగిశాక, వయొలిన్ ఊపిరి తీసుకునే సందులో, ఎడమ స్పీకరు గుహలో నక్కి, దోమకన్నా సన్నగా, పంటినొప్పికన్నా పట్టుదలగా 'జుయ్' మని పలికే దుర్మార్గుడు.

వాడి వధకై బోగుమిల్ ఆరుమాసాలు ఆయుధాలు కూర్చాడు. కంప్యూటరు అంకెలను స్వరాలుగా మార్చే యు.ఎస్.బి. డబ్బా ఒకటి కొన్నాడు. అసురుడు చావలేదు. దానికన్నా బరువైన డబ్బా కొన్నాడు. చావలేదు. అప్పుడు రజతలేపిత తామ్రతంతు నిర్మితమూ, నీలిపట్టు కవచధారిణీ, ఒంటిమీద బాణం గుర్తు గలదీ అయిన యు.ఎస్.బి. తీగను తెప్పించాడు. కొత్త తీగలో రెండువందల గంటలు ఎడతెగకుండా శబ్దం పారితే తప్ప దాని గొంతు విచ్చుకోదని అతని తోటి శ్రోతల నమ్మకం. కనుక ఎనిమిది దినాల ఎనిమిది గంటలు ఆ ఇంట్లో జలపాతం హోరు మోగింది. భార్య యోలాంటా ఊరి బయటి తోట గుడిసెకు వెళ్లి తలదాచుకుంది. చివరిగా, ల్యాప్‌టాప్ ఛార్జరుకు సైతం బలమైన ఆహారం అందాలని, కొండచిలువ లావున్న కరెంటు తీగ ఒకటి తగిలించి, గుమ్మానికి కాపలా పెట్టిన తృప్తితో నిద్రపోయాడు.

తోట నుంచి తిరిగివచ్చిన యోలాంటా చెవికి మొదట తాకింది ఆ జుయ్‌కారమే. చేతిసంచి దించకుండానే తీర్పు చెప్పింది.

"ఏమయ్యా, పదిహేనో తారీకు నా పేరు పండుగ. పిలవకపోయినా జనం వస్తారు. వాళ్ల ముందు ఈ జుయ్ ఇంకోసారి వినబడిందా, నీ డబ్బాలన్నీ నేలమాళిగకి పోతాయి. అక్కడ మగ్గుతున్న మా అమ్మమ్మ బీరువా ఈ మూలకొస్తుంది."

"ముప్పై ఏళ్లు ట్రాం మోత భరించినవాణ్ని. ఈ పిసరంత మోతకి ఓడిపోతానా?"

"అదే నా అనుమానం. ఆ మోతకి నీకు చెవులు మిగిలాయా అని."

ఆ విధంగా ఒక గది మూల, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గలది, యుద్ధానికి పణమైంది.

క్యాలెండరులో యోలాంటా పేరు అచ్చయి ఉండే రోజు, పుట్టినరోజులా జరుపుకునే ఆ పేరు పండుగ, పదిహేనో తారీకు రానే వచ్చింది. యోలాంటా తమ్ముడు రెమిగియుష్ అయిదు పూలు పట్టుకుని వచ్చాడు. కింది అంతస్తు పెలాగియా వచ్చింది. నలభై ఏళ్లు చర్చిలో ఆర్గన్ వాయించి, ఎనభయ్యో ఏట కూడా గోడవతల కుళాయి ఏ శ్రుతిలో కారుతోందో చెప్పగల వృద్ధురాలు. బూట్లు విడిచి, ఇంటివారి చెప్పులు తొడిగి, హెర్రింగ్ చేప ముక్కలకూ స్ట్రాబెర్రీ కేకుకూ న్యాయం చేసి, టీ గ్లాసులతో సభాసదులు ఆసీనులైనంతట, బోగుమిల్ సింహంలా లేచాడు.

"వినండి. ఈ తీగలో ప్రతి పోగుకీ వెండి పూత ఉంది. ఈ బాణం ఎటుంటే సంగీతం అటే పరిగెడుతుంది. ఇవాళ మీరు వినబోయేది పాట కాదు. పాటకి ముందుండే నిశ్శబ్దం."

"బాణం తిరగేస్తే పాట చివర్నించి మొదలవుతుందా బావా?" అన్నాడు రెమిగియుష్.

"నవ్వరా రెమీ, నవ్వు. కాసేపట్లో నీ నోరు మూతపడుతుంది."

మీట నొక్కాడు. సభ ఊపిరి బిగబట్టింది.

జుయ్.

"ఫ్రిజ్ ఈ గదిలోనే పెట్టుకున్నారా అమ్మా?" అంది పెలాగియా, కేకు తుంచుకుంటూ.

యోలాంటా లేచింది. కొలత టేపు తెచ్చి, బీరువా పడుతుందో లేదోనని మూల కొలవసాగింది. ఆ టేపు చప్పుడు బోగుమిల్ గుండెలో శూలంలా దిగింది. అయినా వీరుడు వెనుదిరుగునా? కార్పెట్టు రాపిడిలో పుట్టే విద్యుత్తే తన నీలి తీగను పాడుచేస్తున్నదని గ్రహించి మోకాళ్లపై కూలబడ్డాడు.

"పెలాగియా గారూ, మీ గ్లాసు ఇలా ఇవ్వండి. తీగ నేలకి తగలకూడదు."

"ఇంకా టీ ఉంది నాయనా."

"ఇంకోటి ఇప్పిస్తాను."

ఒకటి, రెండు, మూడు గ్లాసులను బోర్లించి వాటిపై తీగను వంతెనలా నిలిపాడు. టీ ఒలికి కార్పెట్టు తడిసింది. అతిథికి మళ్లీ టీ కాచడానికి యోలాంటా విద్యుత్ కెటిల్ తెచ్చింది. వంటింట్లో ఉన్న ఒక్క పాయింటునూ ఓవెను ఆక్రమించి ఉంది. ఆమె విసుగ్గా గదిలో చేతికందిన ప్లగ్గు పీకి, కెటిల్ పెట్టింది. సరిగ్గా అదే క్షణాన బోగుమిల్ నాలుగో గ్లాసు బోర్లించాడు.

నిశ్శబ్దం.

హిమవత్పర్వత శిఖరాన మంచు మీద మంచు పడితే ఎంత చప్పుడవుతుందో అంత చప్పుడు. ఆ శూన్యంలోంచి వయొలిన్‌కి పెద్దన్నలాంటి సెల్లో వాద్యం ఒకటి, తడి మట్టిలోంచి మొలకలా, తల ఎత్తింది.

"నాలుగో గ్లాసు," అన్నాడు బోగుమిల్. "అంతా ఆ నాలుగో గ్లాసులోనే ఉంది."

"ఇప్పుడు బావుంది," అంది పెలాగియా కళ్లు మూసుకుని. "వాయించే అతను విల్లు దిశ మార్చడం కూడా వినబడుతోంది."

రెమిగియుష్ మాత్రం నేల చూస్తున్నాడు. "బావా, నీ కొండచిలువ ఎప్పుడు చచ్చింది?"

అందరూ చూశారు. ఛార్జరు తీగ గోడవారగా నోరు తెరిచి పడి ఉంది. రెమిగియుష్ దాన్ని అవతలి గోడ పాయింటులో గుచ్చాడు. జుయ్. పీకాడు. నిశ్శబ్దం. మళ్లీ గుచ్చాడు. జుయ్. అసురుణ్ణి ఇన్నాళ్లూ కోటగుమ్మం దగ్గర కూర్చోబెట్టి మేపినది కోటాధిపతే.

బోగుమిల్ లేవలేదు. యోలాంటా ముఖం చూశాడు. ఆమె చేతిలో టేపు ఇంకా ఉంది.

"నేనేమన్నాను?" అందామె. "జుయ్ వినబడకూడదన్నాను. అది పీకి ఉంచు, వినబడదు. మూల నీదే. ప్లగ్గు నాది. నీళ్లు కాగుతున్నాయి, లే."

టేపు చుట్టుకుంది. వీరుడు లేచి, మోకాళ్ల తడి దులుపుకుని, సభనుద్దేశించి గంభీరంగా పలికాడు.

"ఒప్పుకుంటాను. కానీ ఈ తీగ లేకపోతే, నిశ్శబ్దం ఇంత లోతుగా ఉండేదా?"

"పాత తీగ పెట్టి చూద్దామా?"

"వద్దులేరా. కేకు అయిపోతోంది."

ల్యాప్‌టాప్ బ్యాటరీ ముసలిది. పంతొమ్మిది నిమిషాల పాటు ఆ గదిలో నలుగురు మనుషులు మాట్లాడకుండా సెల్లో విన్నారు. కేకు చివరి ముక్క పెలాగియా ప్లేటులో అలాగే ఉండిపోయింది. ఇరవయ్యో నిమిషాన, పాట రెండో భాగం మధ్యలో, తెర నల్లబడి సంగీతం తెగిపోయింది.

జుయ్‌కారాసురుడు హతుడయ్యాడు. నాలుగడుగుల మూల నిలిచింది. పంతొమ్మిది నిమిషాల సామ్రాజ్యానికి బోగుమిల్ ఏకచ్ఛత్రాధిపతి అయ్యాడు. ఈ గాథను శ్రద్ధగా చదివినవారి బ్యాటరీలు ఇరవై నిమిషాలు నిలుచుగాక.