పాతవి తెండి, కొత్తవి పట్టుకెళ్ళండి

ఆ సోమవారం పొద్దున్న మేనేజరమ్మ రాసుకున్నవి మూడే పనులు: కరపత్రం రాయడం, అచ్చు వేయించడం, పంచడం. సబ్బుల కంపెనీలో ముప్పై ఏళ్ళు ప్రచార విభాగాన్ని నడిపి, రిటైరైన నాలుగో నెలకే ఇంట్లో గోడలకు కూడా సలహాలివ్వడం మొదలుపెట్టిన మనిషి ఆవిడ. "పరాయి దేశంలో చిన్న వ్యాపారాలు పైకి రావడానికి మూడు వారాలు స్వచ్ఛందంగా సాయపడండి" అన్న ప్రకటన చూసి, ఆవిడ పేరుతో దరఖాస్తు నింపింది ఆవిడ భర్తే.

ఆవిడ వంతుకు చెప్పులు బాగుచేసే దుకాణం వచ్చింది. నలుగురు నిలబడితే ఐదోవాడు వీధిలో ఉండాల్సినంత గది. జిగురు వాసన, తోలు ముక్కలు, గోడకు ఒక చెక్క అర. అందులో దుకాణం యజమాని, ఒక పెద్దాయన, రోజుకు ఆరు జతలు కుట్టేవాడు. ఏడో జత వస్తే రేపు రమ్మనేవాడు. ఆ 'రేపు' మాటకే మేనేజరమ్మ ఒళ్ళు మండేది. పోనీ నేరుగా చెబుదామంటే ఆయనకు తెలుగు రాదు, ఈవిడకు అక్కడి భాష రాదు. మధ్యలో ఒక దుబాసీ. పెళ్ళై ఆ దేశం వచ్చి పాతికేళ్ళైన తెలుగావిడ. అక్కడి భాష పూర్తిగా రాలేదు, తెలుగు సగం పోయింది.

"మీ పాత చెప్పులు తెండి, కొత్తవాటిలా చేసి ఇస్తాం. ఇదీ రాయాల్సింది," అంది మేనేజరమ్మ.

"ఓస్, ఇంతేనా అక్కా," అంటూ దుబాసీ చకచకా రాసేసింది. మధ్యాహ్నానికి అచ్చయింది. సాయంత్రానికి వీధివీధికీ పంచారు.

మంగళవారం పొద్దున్న చూస్తే దుకాణం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం! పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. మేనేజరమ్మ మాత్రం పొంగిపోయి, ఎదురెళ్ళి జతలు అందుకుంది. చీటీలు రాసి అరలో పెట్టింది.

"సైజు ఎంతుందని అడుగుతున్నారక్కా."

దుకాణం గురించి అనుకుంది ఆవిడ. "ప్రస్తుతానికి చిన్నదే. త్వరలో పెద్దది చేస్తామని చెప్పు."

దుబాసీ చెప్పింది. చిన్న కాళ్ళవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. పెద్ద కాళ్ళవాళ్ళు గొడవకు దిగారు. ఎలాగూ కొత్తవి వస్తాయి కదా అని కొందరు కాళ్ళకున్నవి కూడా విప్పి ఇచ్చేశారు. ఆరు జతలకు అలవాటుపడ్డ అర నూటనలభయ్యో జత పెట్టగానే గోడనుంచి ఊడి, ధనాలున కూలింది. నూటనలభై జతలు కాస్తా రెండువందల ఎనభై ఒంటి చెప్పులయ్యాయి. చీటీలు జిగురు డబ్బాలో పడ్డాయి.

సాయంత్రం జనం కొత్త చెప్పుల కోసం తిరిగొచ్చారు.

"కొత్తవేమిటి? ఎవరిస్తామన్నారు?" అంది మేనేజరమ్మ.

"మీరే కదక్కా! పాతవి తెండి, కొత్తవి పట్టుకెళ్ళండి అని రాయమన్నారు."

"కొత్తవాటిలా అన్నాను తల్లీ! లా! ఆ 'లా' ఏమైంది?"

"ఆ 'లా' ఇక్కడి భాషలో ఎలా అంటారో గుర్తురాలేదక్కా. చిన్న ముక్కే కదా అని వదిలేశా."

మేనేజరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. గుమ్మం బయట వట్టికాళ్ళతో నలభైమంది కేకలేస్తున్నారు.  పెద్దాయన కింద పడ్డ గుట్టను చూస్తూ నెమ్మదిగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"నలభై ఏళ్ళలో నా గుమ్మం నుంచి ఎవరూ వట్టికాళ్ళతో వెళ్ళలేదు అంటున్నాడక్కా."

ఈ అనువాదం తప్పైతే బాగుండునని ఆవిడకు మొదటిసారి అనిపించింది. బయటికొచ్చి ఒక్కొక్కరినీ బతిమాలి, అందరివీ రెండు వారాల్లో కుట్టిస్తామని ఒప్పించింది. ఆ రాత్రంతా నేలమీద కూచుని ఎడమకు కుడి వెతికి జత కలిపింది. తెల్లారగానే పెద్దాయన ఒక సూది, మైనం పూసిన దారం ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఏవండీ, నేనిక్కడ చెప్పులు కుడుతున్నాను," అని ఫోన్లో వాపోయింది.

"మంచిదేగా. నువ్వు వచ్చేటప్పటికి నా జోళ్ళూ తెగేలా ఉన్నాయి," అన్నాడు భర్త.

పెద్దాయన ఆవిడ కుట్టు చూసేవాడు, విప్పేవాడు, మళ్ళీ ఇచ్చేవాడు. కంపెనీలో ఆవిడ కాగితాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి పంపిన మగాడు లేడు. ఈయన ఒక్క చెప్పు మడమను ఏడుసార్లు తిప్పి ఇచ్చాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. రెండు వారాలు గడిచేసరికి నూటనలభయ్యో జత కూడా గుమ్మం దాటింది.

చివరిరోజు ఆవిణ్ణి పంపిన సంస్థ అధికారి వచ్చాడు. మేనేజరమ్మ క్షమాపణ చెప్పుకుందామని లేచేలోపే అతను పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపేసి, ఏదో కాగితం చదవడం మొదలుపెట్టాడు.

"ఏమిటది?" అంది దుబాసీతో.

దుబాసీ నీళ్ళు నమిలింది. "మీరు రాకముందు సంస్థ నుంచి ఈయనకో తెలుగు ఉత్తరమొచ్చింది, నేనే చదివిపెట్టానక్కా. మీరు ఈయనకు నేర్పుతారని ఉంటే, ఈయనే మీకు నేర్పాలని చదివానట. పాపం, మూడు వారాలుగా ఓపిక పట్టాడు."

"మరి ఆ కాగితం?"

"మీ గురించి ఈయన రాసిచ్చింది. శ్రద్ధ ఉంది, నోరు ఎక్కువ, కుట్టు పర్లేదు. ఇంకోసారి పంపితే సోలు వేయడం కూడా నేర్పుతానన్నాడు."

కింద సంతకాలకు, తెలుగులో కూడా రాసిన రెండు గీతలున్నాయి: ఒకటి నేర్పినవారికి, ఒకటి నేర్చుకున్నవారికి. మేనేజరమ్మ కళ్ళజోడు సర్దుకుని, 'శిక్షణ పొందినవారు' అన్న గీతమీద సంతకం పెట్టింది.