అటక మీది సర్వరు

శనివారం పొద్దున్న, కిటికీ తెర మీద ఎండ మెల్లగా ఊగుతుంటే, అతను అటక మీది డొక్కు లాప్‌టాప్‌ని సర్వరుగా మార్చే పనిలో పడ్డాడు. ఇంట్లో ఎవరు ఏ పని రాసుకున్నా అది దాని గుండా అత్తమామలతో సహా అందరి ఫోన్లకూ చేరిపోవాలి. ఇక తను ఏదీ మరిచిపోడు, భార్య గుర్తు చేయనక్కర్లేదు. ఆవిడ మాత్రం ఆఫీసుకు వెళ్తూ తెగేసి చెప్పింది, సాయంత్రానికి పనిచేయకపోతే ఆ డబ్బా పాతసామాన్లవాడికేనని.

పనిచేస్తోందో లేదో చూద్దామని సొరుగులోని పాత ఫోను కలిపాడు. పచ్చదీపం వెలిగింది. సర్వరు సన్నగా గుర్రుమంటుంటే, అబ్బ, ఎంత హాయి! వింటూ వింటూ కునుకులోకి జారిపోయాడు. పెళ్ళికి ముందు నుంచి పాప పుట్టేదాకా వాడిన ఫోనది. అందులోని పాత పనులు చెరపడం మరిచిపోయాడు మహానుభావుడు.

సాయంత్రం లేచేసరికి గుమ్మంలో మావగారు, చేతిలో కొత్త ఊయల. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషాయన. ఫోన్లో 'ఊయల కొనాలి' అని వచ్చిందట.

"ఇంత శుభవార్త ఇలాగా చెప్పేది, బాబూ?" అన్నారు కళ్ళు ఒత్తుకుంటూ.

అత్తగారు అప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసేశారు. మనవరాలు పదో తరగతిలో ఉండగా ఇదేమిటని కాస్త మొహమాటపడుతూనే చేశారట.

అతను ఆ పని చెరిపేశాడు. పాత ఫోను మళ్ళీ పంపింది. చెరిపాడు, వచ్చింది. ఆ కుస్తీలో దాని కింద ఇంకొకటి కనబడి పై ప్రాణాలు పైనే పోయాయి: 'సాయంత్రం పార్కు గేటు దగ్గర ఆమెకి మనసులో మాట చెప్పెయ్యాలి.' భార్యకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తాడు.

గేటు పక్కన ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆమె ఇంకా రాలేదు. ఎవరో చూసే వెళ్తాను," అంది నింపాదిగా.

"నువ్వే. పెళ్ళికి ముందు రాసుకున్నది. ఆ రోజు నా నోరు పెగల్లేదు. నువ్వే అడిగేశావు."

ఆకుల మీంచి ఎండ జారిపోతోంది. ఇన్నేళ్ళూ అతనికి ప్రతి పనీ ఆవిడే గుర్తు చేసింది. ఇదొకటి మిగిలిపోయిందని తెలియనేలేదు.

"అయితే ఇప్పుడు చెప్పు," అంది.

తడబడుతూనే, మొత్తం చెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీసి, ఆ పని పూర్తయినట్టు టిక్కు కొట్టింది. ఇంట్లో మావగారి ఫోన్లోనూ టిక్కు పడింది. సర్వరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఊయలని కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. మర్నాడు పాతసామాన్లవాడు వచ్చి సర్వరుకి బదులు ఊయలని పట్టుకుపోయాడు.