బొట్టు పెట్టిన టేపు

సాయంత్రం మిఠాయి పెట్టెతో ఇంటికొస్తానని భార్య శైలజకు చెప్పి, శశిధర్ ఆ పొద్దున మహబూబాబాద్‌లో రైలెక్కాడు. తాను మాటిచ్చాడంటే పని అయిపోయినట్టేనని అతని నమ్మకం. ఆ నమ్మకం మిగతావాళ్లకు కూడా ఉందో లేదో అతను ఏనాడూ కనుక్కోలేదు.

జనగామలోని ఓరుగల్లు పాల రైతుల సమాఖ్యలో అతను కంప్యూటర్ అధికారి. అధికారి అన్నది బల్ల మీది పలకలో మాట. జీతం కాగితంలో మాత్రం ఐదేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల సభ్యుల, ఉద్యోగుల పేర్లు, పదవులు, వేలిముద్రలు, పశువులు, పాల బండ్లు తిరిగే దారులు అన్నీ ఒక ముసలి మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్‌లో ఉండేవి. ఏదో పెద్ద కంపెనీ వదిలించుకున్న ఆ బీరువా లాంటి మెషీన్‌కు ఎప్పుడూ చల్లగా ఉండాలి. అందుకని దాన్ని పాల చిల్లింగ్ సెంటర్ పక్క గదిలో పెట్టి, పాలతో పాటే చల్లబరుస్తూ వచ్చారు. ఇప్పుడు కొత్త మెషీన్ వచ్చింది. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చాలి. మధ్యాహ్నం దాని ప్రారంభోత్సవం.

"సాఫీగ ఎక్కిచ్చినవనుకో, నీ పర్మినెంట్ ఫైలు మీద ఇయ్యాల్నే సంతకం పెడ్త" అని అధ్యక్షురాలు సుజాత మాటిచ్చింది.

"అరగంట పని మేడం. మీరు సంతకానికి పెన్ను తయారు పెట్టుకోండ్రి" అన్నాడు శశిధర్.

పని నిజంగానే అరగంటదే. డాటాను టేపు మీదికి కాపీ తీయడమంటే ఆ రోజుకు ఒక ఫొటో తీసి దాచుకోవడం. ఆ తర్వాత జరిగే ప్రతి మార్పునూ మెషీన్ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. రికవరీ యుటిలిటీ అనే పనిముట్టు ముందు ఫొటోను దించి, చిట్టా ప్రకారం మార్పులు చేసుకుంటూ వచ్చి, డాటాను ఇవాళ్టి స్థితికి తెస్తుంది. పాత మెషీన్ మీదయితే ఏ కాపీ తాజాదో అదే వెతుక్కుంటుంది. కొత్త మెషీన్‌కు మన పూర్వాపరాలు తెలియవు కనుక టేపు మనమే చేతికివ్వాలి.

తాజా కాపీ మొన్నటి దసరా ముందు రోజు తీసినదే. ఆయుధ పూజనాడు బండ్లకు, మిషన్లకు పెట్టినట్టే ఆ టేపుకు కూడా పసుపు కుంకుమ పెట్టారు. ఖదీర్ భాయ్ నిమ్మకాయలు తెచ్చాడు, ఊడ్చే కట్టమ్మ బొట్టు పెట్టింది, శశిధర్ కొబ్బరికాయ కొట్టాడు. ఏటా ఇదే వరుస.

"ఖదీర్ భాయ్, జర దసరా టేపు పట్టుకరా. బొట్టు ఉంటది చూడు" అన్నాడు శశిధర్.

"బొట్టు టేపు నాకెర్క లేదా సార్" అని అటెండర్ ఖదీర్ అల్మారా వైపు నడిచాడు.

అల్మారాలో బొట్టు టేపు ఒకటి కాదు, ఆరేడు ఉన్నాయి. పూజ చేసిన టేపును చెరిపి మళ్లీ వాడటం మంచిది కాదని ఏటా ఒక్కోటి పక్కన పెట్టేస్తూ వచ్చారు. పైగా కట్టమ్మకు శుక్రవారం నియమం ఒకటి ఉంది. గది కడిగాక, చేతికందే ముందు వరుసలోని టేపుకు కొత్తగా కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటుంది. ముందు వరుసలో ఉన్నది అన్నింటిలోకీ పాతది. మిగతావాటి బొట్లు వెలిసిపోయి ఉంటే, అదొక్కటి పెండ్లికూతురులా కళకళలాడుతోంది. ఖదీర్ దాన్నే తీశాడు. బొట్టును చూసి తాజాతనం తేల్చేవాడు ఇంకేం చేస్తాడు?

శశిధర్ కూడా బొట్టే చూశాడు. కింద రాసున్న తేదీ చూడలేదు. టేపు పెట్టాడు, యుటిలిటీ నడిపాడు. కాపీ తర్వాతి లాగ్ కలపమంటారా అని అది మర్యాదగా అడిగింది. దసరా సెలవుల్లో సభ్యులు మారేదేముంది, పదవులు పోయేదేముంది అనుకొని వద్దన్నాడు. పాత మెషీన్ మీట కిందికి దించి, చేతులు దులుపుకొని, చాయ్ చెప్పాడు.

కొత్త మెషీన్ మొదలవగానే సభ్యులందరి ఫోన్లకూ మెసేజ్ పోవాలన్నది అతని సొంత ఆలోచన. "సమాఖ్య కొత్త మెషీన్‌లోకి మారింది" అని, కింద సభ్యుడి పేరు, పశువుల సంఖ్య, అధ్యక్షుల పేరు; బండి డ్రైవర్లకయితే ఆ రోజు రూటు. చాయ్ వచ్చేలోపు మూడు జిల్లాల్లో ఫోన్లు మోగాయి. గంట తర్వాత, మూడో చాయ్ చల్లారేలోపు శశిధర్ ఫోను మోగింది. భూపాలపల్లి నుంచి పాల టాంకర్ డ్రైవర్ ఆమెర్.

"సార్, కొత్త రూటు ఫోన్ల వచ్చింది. చెప్పిన కాడికే వచ్చిన. గీడ సెంటర్ లేదు, ఫంక్షన్ హాలున్నది. పెండ్లి అయితున్నది."

"పక్క సందుల చూడు ఆమెర్."

"పక్క సందుల వంటలైతున్నయి సార్. నన్ను పెరుగు తెచ్చినోడు అనుకుంటున్నరు. గిన్నెలు కూడ ముంగట పెట్టిన్రు."

ఆ సెంటర్ ఎత్తేసి నాలుగేళ్లయింది. ఆమెర్ దారి తప్పుంటాడని శశిధర్ నవ్వుకున్నాడు. ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు, చేతిలో పలుపుతాడు. పాలకుర్తి దగ్గరి తండా నుంచి ఆటో కట్టించుకొని వచ్చిన సోమ్లా.

"సారూ, నా బర్రెను యాడ కట్టేసిన్రు?"

"ఏ బర్రె?"

"తప్పిపోయిన బర్రె. మొన్నెండకాలం పోయింది గద. ఇయ్యాల మెసేజ్ వచ్చింది, సోమ్లా, బర్రెలు రెండు అని. ఇంటికాడ ఒకటే ఉన్నది. రెండోది మీ తాన ఉన్నట్టే గదా."

లెక్కలో తప్పు పట్టడానికి వీల్లేదు. శశిధర్ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తెర ముందు కూర్చొని తన పేరు కొట్టాడు. ఆ పేరుగల ఉద్యోగి ఈ సంస్థలో లేడని మెషీన్ చెప్పింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేడంది. అప్పుడు టేపు తీసి, కుంకుమ తుడిచి, తేదీ చదివాడు. ఆరేళ్ల కిందటి దసరా. అతను ఉద్యోగంలో చేరింది ఆ మరుసటి ఏడు. తన చేత్తో తానే తనను పుట్టకముందుకు పంపుకున్నాడన్న మాట.

మూడు జిల్లాల డాటా, పర్మినెంట్ ఫైలు, శైలజకు చెప్పిన మిఠాయి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. సరైన టేపు అల్మారాలో క్షేమంగానే ఉంది, లాగ్ కూడా ఉంది. కానీ రికవరీ మళ్లీ నడపాలంటే మెషీన్ అతన్ని లోపలికి రానివ్వాలి. పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు అది ఎవరినీ ఆపలేదు, ఇప్పుడు టేపులోని ఉద్యోగుల పట్టిక చూసి గానీ రానివ్వదు. అమ్మిన కంపెనీ ఇంజినీరు ఫోన్ ఎత్తడం లేదు.

అంతలో అతిథులతో సుజాత వచ్చింది. శశిధర్ నసుగుతుండగానే ప్రారంభించడానికి యంత్రం మీద వేలిముద్ర తీసుకునే చోట వేలు పెట్టింది. తెర మీద ఆమె ఫొటో వచ్చింది. కింద, "పాల పరీక్ష, పాలకుర్తి కేంద్రం. ఈ గదిలోకి అనుమతి లేదు."

అధ్యక్షురాలు కాకముందు ఆమె చేసిన పని అదే. సుజాత అతని వైపు తిరిగింది.

"శశిధర్, నన్ను ఎవరు దించిన్రు?"

"ఎవరు దించలే మేడం. టేపు..."

"టేపు దించిందా?"

జవాబు చెప్పే శ్రమ అతనికి తప్పింది. బయట డప్పులు మోగాయి. మెడలో బంతిపూల దండతో ఎర్రయ్య లోపలికొచ్చాడు. జఫర్‌గఢ్ ఎర్రయ్య సుజాత చేతిలో ఓడిపోయిన మాజీ అధ్యక్షుడు. మెసేజ్‌లో ఆయన పేరు చూసి పొద్దుటి నుంచి మూడు జిల్లాల వాళ్లు ఫోన్లు చేసి శుభాకాంక్షలు చెబుతుంటే, మొదట నమ్మలేదు, తర్వాత ఆశపడ్డాడు, ఆ తర్వాత కారు మాట్లాడాడు.

"రైతులు కోరుకున్నరంట. నేను కాదనలేకపోయిన" అని నేరుగా వెళ్లి అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. ఖదీర్ అలవాటు ప్రకారం ఆయనకు చాయ్ తెచ్చాడు. సుజాత చూపు తగలగానే ఆమెకూ ఒకటి తెచ్చాడు.

శశిధర్ జరిగింది చెప్పుకున్నాడు. ఆ టేపు లోకంలో కొత్త ఉద్యోగిని చేర్చుకునే అధికారం అధ్యక్షుడి వేలికే ఉంది. ఎర్రయ్య వేలు పెడితే శశిధర్ లోపలికి పోగలడు. లోపలికి పోతే సరైన డాటా ఎక్కించగలడు. ఎక్కిస్తే ఎర్రయ్య మళ్లీ మాజీ అవుతాడు.

"అంటే నన్ను దింపుకునుడు గూడ నా వేలుతోనేనా" అన్నాడు ఎర్రయ్య, కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి. "నా వేలు, నా ఇష్టం."

సుజాత బతిమాలలేదు. బతిమాలే మనిషి కాదు.  ఎంత చెడ్డా శశిధర్ బుర్ర మాత్రం ఆగేది కాదు.

"ఎర్రయ్య బాపూ, గిది ఆరేండ్ల కిందటి దసరా. ఆ దసరా పోయినంక నెలకు ఏమైందో యాదికున్నదా?"

ఎర్రయ్య మొహం మారింది. "ఎలక్షన్లు."

"మెషీన్ లెక్కల గవి ఇంక కాలే. కుర్చీ కావాల్నంటే ఎలక్షన్లు గూడ తీసుకోవాలె. మళ్ల పెట్టాలె."

"అప్పుడు నేను నీకే ఓటు గుద్దిన బాపూ" అన్నాడు మూల నుంచి సోమ్లా. "ఈ తాప బర్రె దొరికేదాంక ఏం చెప్పలేను."

ఓడిపోయిన ఏడాది ఎర్రయ్య జనగామ ముఖం చూడలేదు. పెండ్లిళ్లకు పోలేదు, చావులకు పొద్దుగూకాక పోయేవాడు. ఆ సిగ్గును జనం మరిచిపోవడానికి ఇన్నేళ్లు పట్టింది. గెలుపు రెండోసారి వస్తే ఎవరైనా కాదనరు, ఓటమి రెండోసారి ఎవరికి కావాలి? దండ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏడ పెట్టాలె వేలు?"

వేలు పెట్టాడు. కొత్త ఉద్యోగి పేరు అడిగితే శశిధర్ అని కొట్టారు. పదవి అడిగితే కంప్యూటర్ అధికారి అని కొట్టారు. నియామకం ఎటువంటిదో మెషీన్ అడగనే లేదు. కాంట్రాక్టు అన్న మాట ఆ దసరా నాటికి సమాఖ్యలో ఇంకా పుట్టలేదు. తెర మీద నిండుగా వచ్చింది, "శశిధర్, కంప్యూటర్ అధికారి, పర్మినెంట్."

ఐదేళ్లుగా ఏ కాగితం మీద వెతికినా కనిపించని మాట అది. శశిధర్ ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు. ఖదీర్ ఈసారి సరైన టేపు తెచ్చి పెట్టాడు. తేదీని ఖదీర్ చదివాడు, సుజాత చదివింది, సోమ్లా కూడా అద్దాలు అడిగి పెట్టుకొని చదివాడు. లాగ్ కలపమంటారా అని యుటిలిటీ అడిగింది. కలపమన్నాడు. ఇక ఒక్క మీట నొక్కాలి. నొక్కితే పాత డాటా మొత్తం పోతుంది, దాంతో పాటు ఆ పర్మినెంట్ కూడా.

శశిధర్ వేలు మీట మీద నిలబడిపోయింది.  లోకంలోని న్యాయమంతా ఎర్రయ్యకు చెప్పిన మనిషికి, తనకు చెప్పుకోవడానికి ఒక్క ముక్క దొరకలేదు.

ఎర్రయ్య లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నొక్కు బిడ్డా. నేను పెట్టలేదా?"

నొక్కాడు.

అరగంటలో అందరూ ఎవరి స్థానాల్లోకి వాళ్లు వచ్చారు. సుజాత అధ్యక్షురాలయింది, సోమ్లా బర్రెలు మళ్లీ ఒకటయ్యాయి, శశిధర్ కాంట్రాక్టులో పడ్డాడు. పోయిన బర్రెకు బీమా కోసం సుజాత అక్కడికక్కడే సోమ్లాతో దరఖాస్తు పెట్టించింది. రిబ్బన్‌ను ఎర్రయ్య చేత కత్తిరింపజేసింది. ఆయన తీసిన దండ మళ్లీ ఆయన మెడలోనే వేశారు. పాలు విరగకముందే ఆమెర్ సరైన సెంటర్‌కు చేరాడు, పెండ్లి భోజనం చేసి మరీ.

అతిథులు వెళ్లాక శశిధర్ ధైర్యం చేసి సుజాత ముందు నిలబడ్డాడు. "మేడం, నా ఫైలు..."

"దసరాకు చూద్దాంతీ" అంది ఆమె, పెన్ను సంచీలో వేసుకుంటూ.

"ఏ ఏడు దసరాకు మేడం?" అని అడిగాడు శశిధర్. ఆ ప్రశ్నేదో పొద్దున ఖదీర్‌ను అడిగి ఉంటే సరిపోయేది.