పెద్దబావ నిద్రలో వచ్చిన మైలేజీ

ఆ పొద్దున పరుపులాయన చెయ్యాల్సిన పనులు ఇవి: రోజూ వేసినట్టే బండి నిండా పరుపులు ఎక్కించడం, రేడియేటర్‌లో నీళ్ళు చూడటం, సీటు వెనక పడి ఉన్న పరుపు గుడ్డ చుట్టను దర్జీకి అప్పగించడం, పెద్దబావను ఇంటి దగ్గర ఎక్కించుకోవడం, బంకులో టాంకు గొంతు దాకా నింపించడం, ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ అక్కడే నింపించడం, ఈ మధ్యలో ఎక్కడా నోరు జారకుండా ఉండటం. చివరి పనే అన్నిటికన్నా బరువైనదని ఆయనకు తెలుసు.

పెద్దబావ అంటే పరుపులాయన భార్యకు అన్నగారు. తాను వాడి వదిలేసిన డీజిల్ పికప్‌ను చెల్లెలి కాపురానికి మేలు చేస్తున్నట్టు ముఖం పెట్టి బావకు అంటగట్టాడు. "లీటరుకు పదిహేను ఇస్తుంది బావా! తక్కువైతే నన్నడుగు" అన్నాడు. అది ఎనిమిది ఇచ్చింది. ఎదురుగాలి కొడితే ఏడు. పరుపు మీద మిగలాల్సిన లాభం, ఆ పరుపు కొన్నవాళ్ళ మంచం చేరేలోగా పొగగొట్టంలోంచి వెళ్ళిపోయేది. ఊళ్ళో వాళ్ళందరికీ నిద్ర అమ్మే మనిషికి కంటిమీద కునుకు లేకుండా పోయింది.

నీళ్ళు నమిలి నమిలి ఒకనాడు ఆ మాట పైకి అనేశాడు. పెద్దబావకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను పక్కన కూర్చుంటా, నువ్వు తోలు. పదిహేను దాటిందా, మళ్ళీ జన్మలో ఈ మాట ఎత్తకూడదు. దాటలేదా, నా బండి నేను తోలుకుపోతా." ఆ పరీక్ష ఈ రోజే. పరుపులాయన కోరిక ఒక్కటే. బండి ఎప్పటిలాగే ఎనిమిది ఇచ్చి, మర్యాదగా వచ్చిన దారినే పోవాలి. ఆ కోరిక ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

వీధిలోకి వచ్చి చూస్తే బండి మీద ఒక్క పరుపు లేదు.

"దింపించేశానండీ" అంది భార్య, కొంగుతో చెమట తుడుచుకుంటూ. "బరువుంటే ఎలా లాగుతుంది? జాకీ, స్పానర్ల డబ్బా, స్టెప్నీ, మోకు కూడా అటక మీద పెట్టించా. మా అన్నయ్య మాట పోకూడదు, మీ బండీ పోకూడదు."

"స్టెప్నీ ఎందుకు తీయించావే?"

"అదేమన్నా ఊరికే తిరిగొచ్చే చుట్టమా? మొయ్యాలంటే డీజిల్ తాగదూ!"

ఇంతలో బానెట్ కిందినుంచి నాన్న తల బయటికొచ్చింది. జీవితమంతా తోపుడుబండి నెట్టిన మనిషి. కొడుక్కి తలుపులున్న బండి వచ్చిందని రోజూ పొద్దున కాసేపు అందులో కూర్చుని దిగుతాడు.

"ఏం బెంగెట్టుకోకురా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "రాత్రి నీ మొహం చూశా. బండి పోతుందని దిగులు పడుతున్నావు కదూ? డీజిల్ వడకట్టే డబ్బా లేదూ, అందులో జల్లెడలాంటిది మట్టి కొట్టుకుపోయి ఉంది. సబ్బు పెట్టి, పంపు కింద శుభ్రంగా కడిగి పెట్టేశా."

అందులో నీటిచుక్క మిగిలితే ఇంజన్ ఆగిపోతుందని పరుపులాయనకు తెలుసు. డీజిల్ ఫిల్టర్‌కు స్నానం చేయించిన వాళ్ళను ఆయన అంతవరకు చూడలేదు. కానీ నాన్న ముఖంలో వెలుగు చూసి తాళం తిప్పాడు. బండి బుద్ధిగా కదిలింది.

పెద్దబావ ఎక్కాడు. బంకులో టాంకు నింపి, బండి మీటర్లో కిలోమీటర్లు ఒకటికి రెండుసార్లు చూసి, "ఇక పోనీ, నేనో కన్నేసి ఉంచుతా" అన్నాడు. మొదటి మలుపు తిరిగేసరికి ఆ కన్నూ మూతబడింది, రెండోదీ మూతబడింది. ఆయన కుంభకర్ణుడికి వేలువిడిచిన తమ్ముడని చెల్లెలే అంటుంది.

ఊరి పొలిమేర దాటిన కాసేపటికి ఇంజన్ రెండుసార్లు దగ్గి, మూడోసారి ఊరుకుంది. పరుపులాయన దిగి బానెట్ ఎత్తాడు. ఫిల్టర్ విప్పాలంటే స్పానర్ కావాలి. స్పానర్ అటక మీద ఉంది. లాగించుకోవాలంటే మోకు కావాలి. అదీ అటక మీదే ఉంది. "బావగారూ" అని రెండుసార్లు కుదిపాడు. బావగారు అటు తిరిగి పడుకున్నారు.

చాలాసేపటికి ఐసు లారీ ఒకటి ఆగింది. నెరిసిన మీసాల డ్రైవరు తల బయటపెట్టి, "ఏం బాబాయ్, మొరాయించిందా?" అన్నాడు.

"చుట్టూ తిరిగి బంకు దగ్గరికి పోవాలి. ఈలోగా మెకానిక్ ఎవరన్నా కనపడితే చాలు."

"నేనూ అటే. కట్టు. కానీ మధ్యలో ఆపమనకు. ఆపితే నా సరుకు రోడ్డు మీద కాలవ కడుతుంది."

సీటు వెనక గుడ్డ చుట్ట ఇంకా అక్కడే ఉంది. దర్జీకి ఇవ్వడం మర్చిపోవడమే ఆ రోజు జరిగిన ఒకే ఒక మంచి పని. నిలువునా పేని, పేటలు కలిపి, లారీకీ బండికీ ముడేశారు. మెకానిక్ కొట్టు వచ్చింది. పరుపులాయన హారన్ కొట్టాడు. ఐసు డ్రైవరు అది కృతజ్ఞత అనుకుని చెయ్యి ఊపాడు. ఇంకో కొట్టు వచ్చింది. ఇంకోసారి చెయ్యి ఊపాడు. ఇంజన్ చచ్చి ఉన్నా చక్రాలు తిరుగుతున్నాయి. చక్రాలతో పాటు మీటరూ తిరుగుతోంది. ఆ సంగతి పరుపులాయనకు బంకు కనపడ్డాకే తట్టింది.

ఐసు డ్రైవరు ముడి విప్పి, "వస్తా బాబాయ్" అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. పెద్దబావ ఒళ్ళు విరుచుకుంటూ లేచేసరికి, అప్పుడే డ్యూటీ ఎక్కిన బంకు మనిషి గొట్టం తీసేస్తున్నాడు.

"ఇంతేనండీ పట్టింది. పొంగిపోతోంది."

పెద్దబావ మీటరు చూసి వేళ్ళ మీద లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. "నలభై... బావా, లీటరుకు నలభై!"

"బావగారూ, నిజం చెప్తున్నా వినండి. దారిలో బండి చచ్చిపోయింది. ఐసు లారీ వాళ్ళు గుడ్డతో కట్టి లాక్కొచ్చారు."

"లారీయా? ఏదీ?"

"వెళ్ళిపోయింది. ఇదుగో గుడ్డ, ఇంకా వేలాడుతోంది చూడండి."

"బండి తుడుచుకునే పీలిక చూపించి బుకాయిస్తావా! దారంతా నాకు ఒక్క కుదుపు లేదు. ఇంజన్ చప్పుడే వినపడలేదు! ఇంత మెత్తటి బండిని కళ్ళు మూసుకుని నీకిచ్చేశాను. నలభై ఇస్తుందని తెలిస్తే తిరిగి అడుగుతానని కతలు చెప్తున్నావు."

"కతలు కాదు బావగారూ. అది ఎనిమిదే ఇస్తుంది. ఒట్టు."

"ఇంకా తగ్గించి చెప్పు, సున్నా అను! పందెం సంగతి వదిలెయ్, నేను నీకంటే పెద్దవాణ్ణి. తాళాలు ఇటు తే."

జీవితంలో ఇంత గట్టిగా నిజం చెప్పడం పరుపులాయనకు అదే మొదటిసారి. చెప్పినకొద్దీ పెద్దబావ పట్టు బిగించాడు. చివరికి పరుపులాయన చేతులెత్తేసి తాళాలు ఇచ్చాడు. పెద్దబావ ఎంత తిప్పినా బండి కదల్లేదు. "నలభై ఇచ్చిన బండి కదా, అలిసిపోయి ఉంటుంది" అని, బంకులో నలుగుర్ని బతిమాలి నెట్టించుకుంటూ పోయాడు.

పరుపులాయన నడిచి ఇంటికొచ్చి సంగతంతా చెప్పాడు. భార్య అటకవైపు ఓసారి, మొగుడివైపు ఓసారి చూసి, నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం ఖాళీగా ఉన్న వీధివైపు చాలాసేపు చూశాడు.

"పోనీలేరా, తలుపులున్నది ఇంకోటి కొందువుగాని" అన్నాడు. "నేను కడగబట్టే కదరా, నలభై ఇచ్చింది?"

"అవును నాన్నా" అన్నాడు పరుపులాయన. ఆ పూట ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ తర్వాత కొట్టులో అమ్మకానికి పెట్టిన పరుపు మీదే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

ఈ కథలో అందరికీ ఏదో ఒకటి దక్కింది, ఆ ఐసు డ్రైవరుకు తప్ప. ఎండలో సరుకు కరిగిపోతున్నా, ముక్కూమొహం తెలియని మనిషి బండిని ఊరి చుట్టూ ఈడ్చుకొచ్చాడు. మీకెప్పుడైనా రోడ్డు మీద నీళ్ళు కార్చుకుంటూ పోయే లారీ కనిపిస్తే ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. మైలేజీ ఎంతని మాత్రం అడక్కండి.